జాతరకత్తికి కొత్త ఉక్కు

శుక్రవారం పొద్దున రాఘవేంద్ర కారు కొలిమి ముందు ఆగినప్పుడు శివప్ప తలెత్తలేదు. గొర్రుకర్రు ఒకటి నిప్పులో ఉంది. ఎర్రబడిన ఇనుమును వదిలి తెల్లచొక్కాను చూసే అలవాటు ఆ కమ్మరింట్లో ఎవరికీ లేదు. కారు లేపిన దుమ్ము మాత్రం పిలవని చుట్టంలా నేరుగా కొట్టంలోకి వచ్చి కూర్చుంది.

రాఘవేంద్ర దిగాడు. నల్లబండపల్లెలో ఆయనకు నూటయాభై ఎకరాలు. వంద ఎకరాల్లో పెద్దరాళ్లు, మిగిలిన యాభైలో చిన్నరాళ్లు పండుతాయి. అయినా భూమి భూమే, పెద్దరికం పెద్దరికమే. ఒకసారి సర్పంచిగా గెలిచాడు. మండలాధ్యక్షుడు కావలసింది రెండుసార్లు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఆయన వీధిలోకి వస్తే ముందు కడుపు, తరువాత సెల్‌ఫోను, ఆ వెనక ఆయన వస్తారని ఊళ్లో ఒక మాట ఉంది.

“ఏమప్పా శివప్పా, బాగుండావా?”

“మీరు రాళ్లు నాటించినంక ఇంగా బాగుండా. మేకలు దూరడం తగ్గినాది.”

కొట్టానికి నాలుగు మూలలా నాటిన హద్దురాళ్ల గురించి ఆ మాట. పది రోజుల కిందట నాటించాడు. గుత్తి బస్సు ఆగే ఆ మలుపులో రెండంతస్తుల అంగళ్లు కడతానని, జాతర అయిన మర్నాడే జేసీబీ వస్తుందని కబురు కూడా పంపాడు. శివప్ప తాతకు తాత వేసిన కొలిమి అది. జాగాకు కాగితం లేదు. నిప్పుల పక్కన కాగితమెందుకు, కాలిపోతుంది గదా అని ఆ తాత అనుకున్నాడేమో.

రాఘవేంద్ర ఆ మాట విననట్టే చంకలోని పట్టుగుడ్డ మూట విప్పాడు. మూరెడు పొడవు కత్తి. మొన దగ్గర వెడల్పై కొంచెం వంగింది. అద్దంలా తళతళలాడుతోంది. శివప్ప తన మీసాన్ని అందులో చూసుకున్నాడు. వెంటనే బొటనవేలితో అంచును తడిమాడు.

అది మారెమ్మ జాతరకత్తి. ఏటా జాతరలో ఆ కత్తితో పొట్టేలు తల ఒక్క వేటుకు తెగాలి. తెగకపోతే ఆ ఏడు వాన పడదని ఊరి నమ్మకం. తెగిన ఏడు కూడా పడదు, అది వేరే సంగతి. కానీ తెగకపోతే కత్తి కలిగిన ఇంటికి గుడి దగ్గర మొదటి మర్యాద పోతుంది. వాన పోయినా ఓర్చుకునే వంశమే గాని, మర్యాద పోతే ఓర్చుకునే వంశం కాదు రాఘవేంద్రది.

“యెవురప్పా దీనికి గుండు గీకిచ్చింది?” అన్నాడు శివప్ప.

“గుత్తిలో వెల్డింగు షాపులో గ్రైండరు పట్టించినా. యూట్యూబువాళ్లు వచ్చినారు గదా! మూడొందల ఏండ్ల పాలెగాళ్ల కత్తి తుప్పు పట్టి ఉంటే యెట్ల సూపించల్ల?”

“అయితే సూపించినావు గదా. మళ్లా నాతో యేం పని?”

రాఘవేంద్ర అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “గుమ్మడికాయ మీద ఒక యేటు యేసినా, వాళ్ల కెమేరా ముందర. సగానికి ఇరుక్కున్యాది. అంచు సూడు, సజ్జరొట్టె మాదిరి మడత పడినాది. మంగళవారం జాతర. నువ్వు పదును పెట్టియ్యల్ల. యెవురికీ తెలీగూడదు.”

మూలన సమ్మెట కర్రకు గడ్డం ఆనించి నిలబడిన లక్ష్మక్క మొహం పక్కకు తిప్పుకుంది. అది నవ్వో దగ్గో తెలియలేదు. ఆమె శివప్ప భార్య. ముప్పై ఏళ్లుగా ఆ కొట్టంలో సమ్మెట దెబ్బలన్నీ ఆమెవే. రాఘవేంద్ర ఆమె వైపు చూడలేదు. ఆయన లెక్కలో కొట్టానికి అయిదు గుంజలు, ఆమె అయిదోది.

శివప్ప చింతపండు రసం కొంచెం కత్తి అంచుకు పూసి ఎండలో పట్టుకున్నాడు. నాలుగు నిముషాలయ్యాక చూశాడు. అంచంతా ఒకే తెలుపు. మొన దగ్గర మాత్రం చీమ బారంత నల్లగీత మిగిలింది.

“ఉక్కయితే పులుపుకు నల్లబడతాది, ఇనుము తెల్లగుంటాది. ఇంగ పదును దేనికి పెట్టల్ల? ఉక్కంతా గుత్తిలో గ్రైండరు కింద పొడయి పడుండాది. పోయి చీపురుతో ఊడ్సుకోని రాపో.”

“కత్తంతా ఉక్కు కాదా?” రాఘవేంద్రకు నిజంగానే తెలియదు.

“కత్తంతా ఉక్కా!” శివప్ప నిప్పును ఊదే గాలిచక్రాన్ని తిప్పబోయి ఆపేశాడు. ఇంత తెలివితక్కువ మాట విన్నాక నిప్పు కూడా కాసేపు ఆలోచించుకోవాలి. “కూడు తింటావా, ఊరగాయ ముద్దలు తింటావా? ఇనుము కూడు, ఉక్కు ఊరగాయ. పాలెగాళ్ల కాలంలో వానలో కొట్టకచ్చిన నల్లిసుకను వంకల్లో ఊడ్సుకోని, బొగ్గుల్లో కరగబెట్టి ముద్ద తీసేవాళ్లు. అది ఇనుము. అండ్లోనే రోంత మట్టిమూసలో పెట్టి, తంగేడు పుల్లలు, ఆకులు యేసి, మూతి మూసి, పగలూ రేయీ ఉడకబెడితే జామకాయంత ఉక్కు వచ్చేది. ఊరందరి కత్తులకూ అదే. నడుము మెత్తని ఇనుము, అంచుకు సన్నంగా ఉక్కు. అంతా ఉక్కయితే ఎముక తగిలినప్పుడు గాజు మాదిరి పగులుతాది. అంతా ఇనుమయితే నీ గుమ్మడికాయ కథే.”

తండ్రి దగ్గర విన్న ముక్క కూడా వదిలిపెట్టలేదు. ఈ కత్తిని మొదటిసారి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినప్పుడు బావి మూడు రోజులు ఉడికిందట. కప్పలు వెల్లకిలా పైకి తేలాయట. ఊళ్లో ఆడవాళ్లు ఆ మూడు రోజులూ పొయ్యి వెలిగించకుండా బియ్యం మూటగట్టి బావిలో దించి వండుకున్నారట.

రాఘవేంద్రకు ఉక్కు సంగతి ఒంటబట్టలేదు గాని బావి సంగతి నచ్చింది. సెల్‌ఫోను తీసి “ఇంకోతూరి చెప్పు, రికార్డు చేసుకుంటా” అన్నాడు.

“నా రాళ్ల సంగతి ముందు చెప్పు. కత్తికి ఉక్కు పెడితే కొట్టం జోలికి రావు గదా?”

“సూద్దాం లే” అన్నాడు రాఘవేంద్ర కారెక్కుతూ. ఆయన రాజకీయమంతా ఆ రెండు మాటల మీదే నడుస్తుంది. ఆ మాట నమ్మి బోరు వస్తుందని నాలుగేళ్లుగా బిందెలు పట్టుకుని నిలబడిన వీధి ఒకటి ఊళ్లో ఉంది.

శనివారం శివప్ప కత్తి పిడి ఊడగొట్టాడు. నిప్పులో పెట్టాలంటే కర్రపిడి ఉండకూడదు. పిడిలో దాగిన ఇనుపతోక మీద నూరేళ్ల జిడ్డు, లక్క గట్టిగా పట్టి ఉన్నాయి. కొలిమి దగ్గర వేడిచేసి గీకేసరికి కింద గీతలు కనబడ్డాయి. కళ్లజోడు పెట్టుకుని వెలుగులోకి తెచ్చాడు. సుత్తి దెబ్బలకు సగం చదునైన ఇంగ్లీషు అక్షరాలు రెండు, వాటి పక్కన అంకెలు. 1888.

శివప్ప అయిదో తరగతి దాకా చదివాడు. రైలు పట్టాలు రెంటిని కలిపి బిగించే ఇనుపపట్టీల మీద ఆ అక్షరాలే ఉంటాయి. పాత సామాన్ల వాళ్ల దగ్గర అలాంటివి ఎన్నో కొని కర్రులు సాగదీశాడు. పాలెగాళ్ల కాలంలో గుత్తికి రైలు వచ్చిందని చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు, పుట్టినా రాఘవేంద్ర పార్టీలోనే పుట్టాలి.

“ఏమే, ఇట్ల రా! మూడొందల ఏండ్ల కత్తి రైలెక్కి వచ్చినాది సూడు!”

లక్ష్మక్క చూసింది. “అయితే మీ తాత చేసిందే. ఆయన చెయ్యి తెలుస్తాంది, వెన్ను కాడ దెబ్బలన్నీ ఒక వరస.”

“ఇంగ ఆ రాళ్లు వాడే పీక్కుంటాడు సూడు. నోరు తెరిస్తే వాని పాలెగాళ్లు పరువు పోయి గుత్తి స్టేషన్లో మూటలు మోయల్ల!”

ఆ హుషారులో మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినకుండా పనికి దిగాడు. కత్తిని ఎర్రగా కాల్చి, అంచు పైకి వచ్చేలా దాగలి దిమ్మ మీద పట్టకారుతో నిలబెట్టి, అంచు మీద ఉలి ఆనించాడు. లక్ష్మక్క సమ్మెట ఎత్తింది. దెబ్బ దెబ్బకూ ఉలి వేలెడంత జరుగుతోంది, అంచు చీలుతోంది. ఎడమకు వెంట్రుకంత తప్పితే చీలిక పక్కకు పోయి కత్తి పాడవుతుంది. తప్పలేదు. నాలుగుసార్లు కాల్చి కొట్టేసరికి మొన నుంచి మొదలు దాకా కత్తి కప్ప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. ఇనుము రాకే ఉక్కు ఆకురాయి, అరిగిపోయిన పెద్దది ఒకదాన్ని సాగదీసి, ఆ నోట్లో పట్టేలా ఉక్కుపట్టీ చేసుకున్నాడు. ఇక అతకడమే మిగిలింది.

ఆదివారం రాఘవేంద్ర వచ్చేసరికి శివప్ప కొత్తపంచె కట్టుకుని కూర్చున్నాడు. కత్తి తోకను ఆయన ముక్కు కిందికి చాపాడు.

“సదువప్పా. నాకంటే పెద్ద సదువు నీది.”

రాఘవేంద్ర చదివాడు. మొహం నల్లబడుతుందని శివప్ప ఎదురు చూశాడు. రాఘవేంద్ర పగలబడి నవ్వాడు. కడుపు నవ్వడం ఆపేదాకా ఆగి, కళ్లు తుడుచుకున్నాడు.

“ఇది నాకు తెలీదనుకున్యావా? అసలు కత్తిని మా ముత్తాత తెల్లదొర ఒగనికి ఇచ్చేసి తుపాకీ తెచ్చుకున్యాడు. ఆ తుపాకీతో సచ్చేదాకా ఒక్క కౌజుపిట్టను కొట్టింది ల్యా. తలుపులేసుకోని మీ తాతతో దీన్ని చేయించినాడు. మీ తాత నోరు మూసుకోని పోయినాడు. నువ్వేంది ఎగురుతాండావు?”

“ఊరందరికీ చెప్తే?”

“చెప్పు. మైకు నేనే తెప్పిస్తా. నా మాట యూట్యూబులో లచ్చమంది విన్నారు. నీ మాట యెవురింటారు, నీ దాగలా? కమ్మరోడు కడుపుమంటతో కూస్తాండాడంటారు.” చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట అన్నాడు. “కత్తి రేపు సాయంత్రానికి కావల్ల. జేసీబీకి బుధవారం పొద్దున రమ్మని చెప్పినా. సామాన్లు సర్దుకోండి. ఆ యమ్మకు కూడా చెప్పు, ఊరికే నిలబడుండాది, గంపలన్నా ఎత్తుతాది.”

శనివారం నుంచి పులి మీద ఎక్కి తిరుగుతున్నాననుకున్నాడు. దిగి చూస్తే అది గొర్రె కూడా కాదు. అలవాటుగా గాలిచక్రం తిప్పాడు. వేరే ఏం చేయాలో తెలియనప్పుడు కమ్మరి నిప్పును ఊదుతాడు.

“ఏమే, సమ్మెట అందుకో. అతికేస్తే మన పీడ పోతాది.”

లక్ష్మక్క సమ్మెటను గోడకు ఆనించింది. తలగుడ్డ విప్పి దులిపింది. బయటికి వెళ్లి వేపచెట్టు నీడలో గోనెసంచి పరుచుకుని, చేటలో వేరుశనగ బుడ్డలు పోసుకుని ఒలవడం మొదలుపెట్టింది.

“ఏందే ఇది?”

“ఊరికే నిలబడుండాను గదా ఇన్ని దినాలు. ఇప్పుడు ఊరికే కూర్చుండా.”

“కత్తి నోరు తెరుచుకోనుండాది. రేపు సాయంత్రం ఇయ్యల్ల.”

“వాడు నీతో మాట్లాడినాడు, నువ్వు వానితో మాట్లాడినావు. రైలు, పాలెగాళ్లు, మీ తాత, వాని ముత్తాత. మీరు మీరు అతుక్కోండి.”

శివప్ప ఆ రాత్రి బతిమాలలేదు. ముప్పై ఏళ్లలో ఎన్నడూ బతిమాలి ఎరగడు, ఎలా బతిమాలాలో తెలియదు.

సోమవారం పొద్దున కూడా లక్ష్మక్క వేపచెట్టు కిందే కూర్చుందని తెలిసి రాఘవేంద్ర పరుగున వచ్చాడు. తెరిచిన కత్తిని గుత్తి వెల్డింగు వాడికి ఫోనులో చూపించాడు. వాడు కరెంటు మంట పెడితే ఉక్కు పెళుసై రాలిపోతుందని, తనవల్ల కాదని ఫోను పెట్టేశాడు. అప్పుడు పుల్లన్నను పిలిపించాడు. జాతరలో వేటు వేసేది పుల్లన్నే. ఆయన భుజాల గురించి ఊళ్లో పెద్ద కథలున్నాయి. బురదలో దిగబడిన ట్రాక్టరును లేపబోయి ట్రాక్టరు పైకి, తాను కిందికి వెళ్లాడని చెబుతారు.

“అన్నా, సమ్మెటంటే యేముంది, ఎత్తల్ల, దించల్ల” అన్నాడు పుల్లన్న చేతుల్లో ఉమ్మేసుకుంటూ.

శివప్ప కత్తి నోట్లో ఉక్కుపట్టీ పెట్టాడు. అతుకు పట్టేందుకు వెలిగారం, సన్నిసుక చల్లి బొగ్గుల్లో పెట్టాడు. ఎరుపు పోయి పసుపొచ్చింది, పసుపు పోయి తెలుపొచ్చింది. ఇనుము తేనెలా తడితడిగా మెరిసి, చిన్న చిన్న చుక్కలు చిట్లే క్షణంలో తీసి దాగలి మీద పెట్టాడు. అతుకు పట్టడానికి ఆరేడు ఊపిర్ల వ్యవధి ఉంటుంది. ఆ తరువాత అది ఎవరి మాటా వినదు.

“మెల్లగా!” అని శివప్ప అరిచేలోపే పుల్లన్న తన భుజబలమంతా దించాడు. నిప్పుల జల్లు లేచింది. ఉక్కుపట్టీ కత్తి నోట్లోంచి చేపలా ఎగిరి వెళ్లి రాఘవేంద్ర కత్తి చుట్టి తెచ్చిన పట్టుగుడ్డ మీద పడింది. పట్టు కాలిన కంపుకు బస్సు కోసం నిలబడినవాళ్లు ముక్కులు మూసుకున్నారు.

“కట్టెలు కొట్టేవాణ్ని తెచ్చి నిండు చూలాలికి పురుడు పోయించినట్లుండాది” అన్నాడు శివప్ప. “మొదటి దెబ్బలు తట్టల్ల, కొట్టగూడదు. లోపలుండే మురికి బయటికి జారల్ల. యాడ తట్టల్లో, యెంత తట్టల్లో నేను చెప్పేది కాదు, అది...” మాట అక్కడ ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా తాను చిన్న సుత్తితో తట్టి చోటు చూపిస్తే ఆమె కొడుతుందనుకున్నాడు. చాలా దెబ్బలు తన సుత్తికంటే ముందే పడేవని ఇప్పుడు గుర్తుకొచ్చింది. “అది ఆమెకు తెలుసు” అన్నాడు మెల్లగా.

“ఇంకోతూరి కాల్చు.”

“ఇంకొక్క తూరి. ఆ పైన ఇనుము కాలిపోయి పొడవుతాది. ఆ పొడిని తీసకపోయి పొట్టేలు కండ్లలో కొట్టుకోవల్ల.”

అప్పుడు రాఘవేంద్ర వేపచెట్టు వైపు చూశాడు. ఆమెను చూడటం అదే మొదలు గనుక కొంచెం వెతుక్కోవలసి వచ్చింది. దగ్గరికి వెళ్లాడు.

“ఏమ్మా... లక్ష్మక్కా. ఊరి జాతర. నీదీ నాదీ కాదు. అమ్మవారి పని.”

బుడ్డ పగిలిన చప్పుడు. “అమ్మవారికి కత్తెందుకు నాయనా? ఆమె తలుసుకుంటే పొట్టేలు ఒట్టిగానే సస్తాది. కత్తి మీకు కావల్ల.”

“యేం కావల్లో చెప్పు.”

“రాళ్లు పీకు.”

“సరే, సాయంత్రం మనుషుల్ని పంపిస్తా.”

“మనుషులు నాలుగు మెతుకుల కోసం నాటినారు. నాటించింది నువ్వు. నువ్వే పీకు. ఇప్పుడే.”

“సూద్దాం లే, ముందు కత్తి...”

లక్ష్మక్క మళ్లీ చేటలోకి వంగింది. బుడ్డలు ఇంకా శేరుడు ఉన్నాయి. ఆమెకు తొందర లేదు. గుత్తి బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి బీడీ ముట్టించుకున్నాడు. కిటికీలన్నింటిలోంచి తలలు బయటికొచ్చాయి. పుల్లన్న గడ్డపార తెచ్చి రాఘవేంద్ర చేతికిచ్చాడు.

మొదటి రాయి తొందరగానే వచ్చింది. రెండోది రాలేదు. రాఘవేంద్ర గడ్డపారతో చుట్టూ పొడిచి, మోకాళ్ల మీద కూర్చుని, చివరికి దాన్ని రెండు చేతులా వాటేసుకుని లాగాడు. చొక్కా గుండీలు రెండు తెగాయి. “పెండ్లాన్ని కూడా ఇట్ల పట్టుకోలేదేమో పాపం” అంది బస్సులోంచి ఒక ముసలమ్మ. మూడో రాయి దగ్గరికి వచ్చేసరికి కండక్టరు విజిలు వేయాలన్న సంగతి మరచిపోయాడు. నాలుగోది పీకి, అరచేతుల్లో బొబ్బలు చూసుకుంటూ ఆయన లక్ష్మక్క ముందు నిలబడ్డాడు.

“అయిపోయినాది.”

“జేసీబీ?”

“రాదు.”

“నాకు చెప్తే యేం లాభం, నీ లెక్కలో నేను అయిదో గుంజను. వాళ్లకు చెప్పు.”

రాఘవేంద్ర బస్సు వైపు తిరిగాడు. ఎన్నో మైకుల ముందు మాట్లాడినవాడు, మైకు లేని ఆ ఒక్కమాటకు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. “ఈ కొలిమి జాగా కొలిమిదే. నేను దీని జోలికి రాను.”

“గట్టిగా అనప్పా, ఇంజను సప్పుడులో వినపల్యా!” అన్నాడు డ్రైవరు. రాఘవేంద్ర మళ్లీ అన్నాడు.

లక్ష్మక్క చేట పక్కన పెట్టి, పొట్టు దులుపుకుని లేచింది. తలగుడ్డ చుట్టుకుంది. సమ్మెట కర్రను కుండలోని నీళ్లతో తడిపింది. శివప్ప పట్టీని మళ్లీ కత్తి నోట్లో పెట్టాడు. ఈసారి నిప్పును ఆమె కూడా చూసింది. “ఇంగా” అంది. కాసేపాగి “ఇంగా” అంది. “ఇప్పుడు” అంది.

కత్తి దాగలి మీదికి వచ్చింది. శివప్ప చిన్న సుత్తి ఎత్తలేదు, కత్తిని మాత్రం పట్టుకున్నాడు. సమ్మెట తన బరువుతో తానే వచ్చి వాలినట్టు మొదలు దగ్గర తట్టింది, జరిగింది, తట్టింది. కరిగిన మురికి అంచులోంచి తెల్లగా జారింది. మొన దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి దెబ్బ బరువెక్కింది, దాగలి గొంతు మారింది. మొత్తం ఏడు ఊపిర్లే. ఉక్కూ ఇనుమూ మధ్య గీత కూడా మిగల్లేదు. మధ్యాహ్నానికి అంచు సాగదీసి, మళ్లీ కాల్చి, అంచు మాత్రం నీళ్లలో ముంచి పదును పెట్టారు. ఆకురాయితో గీస్తే గీత పడలేదు, జారిపోయింది.

బుధవారం పొద్దున జేసీబీ రాలేదు. తన గొడ్డలి పట్టుకుని పుల్లన్న వచ్చాడు. దానికీ ఉక్కు పెట్టాలట.

“ఒక్క యేటు అన్నా! యేసినట్టు నాకే తెలీల్యా. తల తెగి కింద పడినంక కూడా పొట్టేలు నెమరేస్తాండాది” అన్నాడు. తరువాత నేల మీద ఉమ్మేసి చెప్పాడు. “యూట్యూబువాళ్లు మళ్లా వచ్చినారు. మన రాఘవేంద్ర కత్తి పైకెత్తి ఒకటే చెప్పడం. ఏడుగురు పాలెగాళ్లు, ఏడు బావులు, ఏడు దినాలు ఉడికినాయంట. కమ్మరోని పేరే యెత్తల్యా.”

శివప్ప పట్టకారు విసిరికొట్టాడు. “మూడు దినాలు! ఒగ బావి! అది నా కథ! పోతా, పోయి రైలు అక్షరాలు వాళ్లకు సూపించి వస్తా. యెవురూ నమ్మకుంటే పాయ.”

“కూర్చో” అంది లక్ష్మక్క. పుల్లన్న గొడ్డలిని చేతిలో తిప్పి, అరిగిన అంచును బొటనవేలితో తడిమి చూస్తోంది. “జాగా తీసుకున్యాం, రాళ్లు పీకించినాం, కత్తికి ఉక్కు కూడా మనదే. వానికంటూ మిగిలింది ఆ అబద్ధమొగటే. ఉండనీ పాపం.”

విసిరిన పట్టకారును ఆమే వంగి తీసుకుంది. గొడ్డలిని దానితో పట్టి నిప్పులో పెట్టి, శివప్ప ఎప్పుడూ కూర్చునే పీట మీద కూర్చుంది.

“పుల్లన్నా, రోంత జరుగు. ఏమయ్యా, సమ్మెట ఎత్తు. నేను యాడ తడితే ఆడ కొట్టల్ల.”